అంతమ్మవ్వ కత్తి పడని బొక్క

మొయినాబాద్ దగ్గరి హిమాయత్‌నగర్‌లో పెళ్ళి కుదిరితే ముందు అయ్యగారి దగ్గరికి పోతారు, ఆ తర్వాత అంతమ్మవ్వ దగ్గరికి వస్తారు. అయ్యగారు ముహూర్తం చెప్తాడు, అవ్వ మేకో గొర్రో, ఎన్ని యాటలు కోయాలో చెప్తుంది. అయ్యగారి లెక్క తప్పినా సంసారం ఎలాగో నెట్టుకొస్తుంది గానీ, అవ్వ లెక్క తప్పితే పెళ్ళి పందిట్లోనే కొట్లాట అవుతుందని ఊరంతా నమ్ముతుంది. ఊరికి ఆ నమ్మకం నూరిపోసింది అవ్వే.

మొయినాబాద్ నుంచి చేవెళ్ళ దాకా రోడ్డుకు అటూ ఇటూ ఆమె గంటె తిరగని ఊరు లేదు. బగారా అన్నం ఎవరైనా వండుతారు. మటన్‌కు మాత్రం అంతమ్మ చెయ్యి పడాలి. యాటను ఆమె కూరలా చూడదు. మేస్త్రీ ఇంటిని చూసినట్టు చూస్తుంది. ఏ బొక్క, అంటే ఏ ఎముక, దేని మీద ఆనుకొని ఉందో, ఏ కీలు దగ్గర కత్తి పెడితే చప్పుడు లేకుండా విడిపోతుందో ఆమె చేతికి తెలుసు. అందుకే ఆమెకు రెండు శాసనాలున్నాయి. ఒకటి, పొత్తు లేని బొక్క ఉండదు. ప్రతి బొక్కకూ పక్కన ఇంకో బొక్క ఉండి తీరుతుంది. రెండోది, కత్తి దెబ్బ పడని బొక్క తన వంట గంజులో పడదు. సన్నటి పక్కటెముకైనా సరే, మొద్దు మీద పెట్టి అడ్డంగా ఒక్కటి వేయాల్సిందే.

"దెబ్బ పడితేనే కారం లోపటికి పోతది, లోపటి రుచి బయటికొస్తది. మొగోడు కూడా గంతే" అంటుంది. అన్నప్పుడల్లా తన పెనిమిటి శివయ్య తాత వైపు చూస్తుంది. తాత ఆ సమయానికి సరిగ్గా చెప్పులు వెతుక్కుంటూ ఉంటాడు.

మనుషుల్ని కూడా బొక్కతోనే తూచేది. పెళ్ళిచూపులకు వచ్చిన పిల్లగాడి చదువు, పొలం, నౌకరీ ఎవరన్నా అడగనీ, అవ్వ మాత్రం వాడి ఇస్తారిలో నల్లి బొక్క వేసి, దూరంగా నిలబడి చూసేది. మూలుగ జుర్రుకోవడం రాక పక్కకు పెట్టాడా, సంబంధం వద్దనేది. "గంత రుచి ముంగట పెడితే ఇడిసిపెట్టినోడు, రేపు పెండ్లాన్ని ఇడిసిపెట్టడని ఏం గ్యారంటీ?" అనేది. ఇలా ఆమె కాదన్న పిల్లగాళ్ళు ఇద్దరు ముగ్గురు ఇప్పుడు శంకర్‌పల్లి వైపు చక్కగా కాపురాలు చేసుకుంటున్నారు. ఆ సంగతి మనం ఆమె ముందు ఎత్తకూడదు.

శివయ్య తాతకు పళ్ళు పోయి కట్టుడు పళ్ళు వచ్చాక ఈ పరీక్షలో ఆయనే మొదట తప్పాలి. కానీ తాత ఇస్తారిలో నల్లి బొక్క ఎప్పుడూ ఖాళీగానే వచ్చేది. మూలుగంతా ముందే అన్నం మీదికి దించి ఉండేది. ఎవరన్నా చూస్తే, "బొక్క పలిగిందో లేదోనని కొట్టి చూసిన, అంతే" అనేది అవ్వ.

లోకంలోని బొక్కలన్నీ ఆమె మాట విన్నాయి గానీ ఆమె మోకాళ్ళు మాత్రం వినడం మానేశాయి. చేవెళ్ళ దవాఖానలో ఫొటో తీసి, అరిగిపోయాయి, పెద్ద గంజులు ఎత్తొద్దు, పొయ్యి ముందు గంటలకొద్దీ నిలబడొద్దు అన్నారు. ఇంట్లో అందరూ కలిసి ఇక దావత్‌లు బంద్ అన్నారు. అవ్వ సరేనంది. సరేనన్న వారానికి కనకమామిడి దాటాక ఫామ్‌హౌసుల నడుమ ఒక ట్రస్టువాళ్ళు పిల్లల కోసం కట్టిన సైన్సు హాలులో పనికి కుదిరింది. పదిమందికి పగటి అన్నం వండాలి, వరండా ఊడవాలి. "కూసోని చేసే పనే" అని చెప్పి షేర్ ఆటో ఎక్కింది. ఆ ఆటోలో తప్ప ఆమె కూర్చోవడం ఎవరూ చూడలేదు.

హాలు పెత్తనం వనిత మేడంది. చేవెళ్ళ పిల్లే, జంతువుల చదువు చదివింది. లోకంలో ఉన్న జీవాలన్నిటి బొక్కల పేర్లూ తెలిసి ఒక్కదాన్నీ నోట పెట్టని మనిషి. శుద్ధ శాకాహారి. అంతమ్మవ్వకు ఆ పిల్ల మీద చెప్పలేనంత జాలి. సాయానికి జగదీశ్ అనే పిల్లగాడు ఉన్నాడు. వ్యాను నడుపుతాడు, బల్బులు మారుస్తాడు, మిగతా వేళ ఫోన్లో ఉంటాడు.

ఆ హాలుకు చెక్క పెట్టెల్లో డాల్ఫిన్ వచ్చింది. బతికింది కాదు, బొక్కలు. ఎప్పుడో సముద్రం ఒడ్డున చచ్చి పడ్డదట. అక్కడి కాలేజీ మ్యూజియంవాళ్ళు దాన్ని దాచి, కొన్ని నెలల కోసం ఇక్కడి పిల్లలకు చూపించమని పంపారు. తిరిగి పంపేటప్పుడు ఒక్క ముక్క కూడా తగ్గకూడదు. పెట్టెలు విప్పి, వరండాలో ఒక పక్క నీడన తాడ్‌పత్రి పరిచి, మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులిపి, ఒంటిలో ఉన్న వరసలోనే బొక్కల్ని పేరుస్తున్నారు. బొక్కలంటే అంతమ్మవ్వ చీపురు పట్టుకొని దూరంగా ఉంటుందా?

"ఇది చాపనా బిడ్డా?"

"చాప కాదవ్వా. నీ లెక్క, నా లెక్క. బయటికొచ్చి ఊపిరి తీసుకుంటది, పిల్లకు పాలిస్తది."

"నీళ్ళల్ల ఉండి పాలిస్తదా? నీళ్ళు కలువవా?"

"మన పాలోడు గట్లనే ఇస్తడు గద అవ్వా, తాగుతలేమా?" అన్నాడు జగదీశ్.

వనిత నవ్వి, ఈత రెక్క బొక్కల్ని ఒక్కొక్కటిగా చూపించింది. పైకి రెక్కలా కనిపించేది లోపల చెయ్యే. భుజం నుంచి మోచేయి దాకా ఉండే బొక్క కుంచించుకుపోయి పొట్టిగా ఉంది. దాని కింద రెండు బొక్కలు, ఆ కింద మణికట్టు, ఆ తర్వాత ఐదు వేళ్ళు. నడిమి వేళ్ళకు మాత్రం మన వేళ్ళ కంటే ఎక్కువ గణుపులు. అవ్వ తన చెయ్యి చాపి దాని పక్కన పెట్టి చూసుకుంది.

"అన్నీ ఉన్నయి. గాజులేసుకునే తావే లేదు."

మెడ దగ్గరికి వచ్చేసరికి అవ్వకు హుషారు వచ్చింది. "యాట మెడల ఏడు బొక్కలుంటయి, దీనికెన్ని?" అంది.

"దీనికీ ఏడే, నీకూ ఏడే. కానీ చూడు, అప్పడాల కట్ట లెక్క ఎట్ల ఒత్తుకున్నయో. మొదటి రెండు ఒకదానికొకటి అతుక్కొనే పోయినయి. నీళ్ళు చీల్చుకుంట ఉరకాలంటే మెడ ఊగొద్దు గద."

"మెడ తిప్పరాదన్నట్టు. అంటే ఎనకనించి పిలిస్తే ఒంటితో సహా తిరగాలె. మా ముసలోడు గిట్లనే తిరుగుతడు."

ముక్కు నడినెత్తి మీద ఉందని తెలిసి ఆశ్చర్యపోయింది. పక్కటెముకలు రొమ్ము బొక్కకు గట్టిగా బిగించి లేకపోవడం చూసి, చేసినవాడు పని సగంలో వదిలేశాడంది. లోతుకు మునిగినప్పుడు నీటి బరువుకు ఛాతీ అణిగి మళ్ళీ లేవాలని, బిగించి ఉంటే పలుగుతుందని వనిత చెప్పింది. విరిగిన ఒక పూస లోపలికి తొంగి చూసినప్పుడు మాత్రం అవ్వ మొహం మాడిపోయింది.

"అయ్యో, మూలుగ లేదు! రస్కు లెక్కున్నదేందే ఇది?"

"యాట నల్లి లెక్క నడుమ బోలు ఉండదవ్వా. అంతా సన్న సన్న సందులే, ఆ సందులల్ల నూనె. ఒళ్ళు నీళ్ళే మోస్తయి గద, దీనికి కాళ్ళ మీద నిలవడే పని లేదు."

"ఏం బతుకో ఏమో" అంది అవ్వ. మూలుగ లేని బొక్కను ఆమె మనసు ఒప్పుకోలేదు.

తోక సంగతి మాత్రం ఒప్పుకుంది. చేప తోక పక్కలకు ఆడుతుంది, డాల్ఫిన్ తోక కిందికీ మీదికీ ఆడుతుంది. దాని పూర్వీకులు నేల మీద ఉరికిన జీవాలని, ఉరికే జీవానికి నడుము కిందికీ మీదికే వంగుతుందని వనిత చెప్పింది. గట్టు మీదినుంచి యాట దుమకడం అవ్వ కళ్ళ ముందు మెదిలింది. నిజమే, నడుము అట్లాగే వంగుతుంది.

"మరి నేల మీద ఉరికితే ఎనక కాళ్ళేవి?"

"ఉన్నయవ్వా. జర ఆగు, ఆఖరికి చూపిస్త" అంటుండగా ఫోన్ మోగింది. వనిత లేచి వెళ్ళింది. ఆ ఆఖరు ఆ రోజు రాలేదు.

ఎందుకు రాలేదంటే, ఆ రోజే హాలు వెనక కట్టిన కొత్త గదుల పని అయిపోయింది. పని ముగిసిన రోజు మేస్త్రీ జమాతుకు దావత్ ఇవ్వకపోతే ఇచ్చేదాకా వాళ్ళు నిచ్చెన తీయరు. ట్రస్టువాళ్ళు యాటను పంపారు. వనిత తల పట్టుకొని, ఒక్క షరతు మీద ఒప్పుకుంది.

"అవ్వా, వరండాల ఆ చివరన తినుండ్రి. నా బొక్కల దగ్గరికి మీ బొక్కలు రావొద్దు. మాటియ్యి."

"రానిస్తనా బిడ్డా? నాది పూచీ" అంది అంతమ్మవ్వ, చీర కొంగు బిగించుకుంటూ. చాలా రోజుల తర్వాత యాట ముందుకు వచ్చేసరికి మోకాళ్ళు ఉన్న సంగతే మరిచిపోయింది.

దావత్ బ్రహ్మాండంగా జరిగింది. తాత కోసం ఒక నల్లి బొక్కను చిన్న డబ్బాలో వేసి హాలు ఫ్రిజ్‌లో పాల ప్యాకెట్ల వెనక దాచింది. ఆ ఫ్రిజ్ ఎవరిదో, దాంట్లో మటన్ పెట్టొచ్చో లేదో ఆమె అడగలేదు. అందరూ చేతులు కడుక్కున్నాక ప్లేట్లన్నీ ఏరి, బొక్కలు వంటగది వెనక గుంతలో పోసి, వరండా కడిగి ఇంటికి వెళ్ళింది.

మర్నాడు పొద్దున అందరికంటే ముందు వచ్చి చీపురు పట్టిన అవ్వ వరండా నడుమ ఆగిపోయింది. డాల్ఫిన్ పరిచిన తాడ్‌పత్రి మీద, ఒక మూల, పేపర్ ప్లేటు. ప్లేటులో రెండు బొక్కలు. సన్నగా, కొంచెం వంకరగా, చిటికెన వేలి కంటే కొద్దిగా పొడుగు.

ఎవడో తాగుబోతు మేస్త్రీ తిని తెచ్చి ఇక్కడ పెట్టాడు! ఇచ్చిన మాట పోయింది. అయినా ఒకసారి చూద్దామని వంగి డాల్ఫిన్ వరసంతా చూసింది. తల దగ్గరినుంచి తోక దాకా ప్రతి బొక్క పక్కనా ఇంకో బొక్క ఉంది. ఈ రెండింటికీ పక్కన ఏదీ లేదు. పొత్తు లేని బొక్క ఉండదు కాబట్టి ఇవి డాల్ఫిన్‌వి కావు. డాల్ఫిన్‌వి కాకపోతే యాటవి. యాటవైతే వనిత కంట పడకముందే పోవాలి. ఇంత బాగా ఆలోచించిన మనిషి, ఆ రెండింటినీ చేతిలోకి తీసుకొని తిప్పి చూసి ఉంటే సరిపోయేది. చూడలేదు. ప్లేటుతో సహా తీసుకుపోయి గుంతలో పారేసి, ఎవరూ చూడలేదు కదా అని ఒకసారి చుట్టూ చూసి, చేతులు కడుక్కుంది.

ఆ పగలంతా వనిత, జగదీశ్ కలిసి సన్న తీగలతో పూసలు గుచ్చి డాల్ఫిన్‌ను కొత్త గదిలో వేలాడదీస్తున్నారు. ఎల్లుండి శంకర్‌పల్లి వైపు ప్రొద్దుటూరు బడి పిల్లలు మొదటగా చూడటానికి వస్తున్నారు. సాయంత్రానికి తోక చివర దాకా వచ్చారు. తోక చివరి చీలికకూ, వీపు మీది రెక్కకూ బొక్కలే ఉండవట, అక్కడంతా గట్టి నారేనట. ఇక అయిపోయిందనుకుంటుండగా వనిత చెయ్యి చాచింది.

"జగదీశ్, ఆ రెండు తుంటి బొక్కలియ్యి."

"తాడ్‌పత్రి మీదనే పెట్టిన మేడం. దొర్లిపోతయని ప్లేట్ల పెట్టిన."

"ఏం ప్లేటు?"

"పేపర్ ప్లేటు మేడం. నిన్న దావత్‌ల మిగిలింది."

గుమ్మం దగ్గర చీపురు చప్పుడు ఆగింది.

"దావత్ ప్లేట్ల పెట్టినవా? ఇంకేడ జాగా దొరకలేదా? అవి ఏందో తెలుసా నీకు?" వనిత చేతిలోని తీగ కింద పెట్టేసింది. "ఒంట్లె అన్ని బొక్కలు ఒక ఎత్తు, అవి ఒక ఎత్తు. దాని ఎనక కాళ్ళల్ల మిగిలింది గవ్వే. కాళ్ళు పోయినయి, తుంటిల గింత ముక్క మిగిలింది. దేనికీ అతుక్కోవు, కండల మునిగి ఉంటయి. నేల మీదినుంచి నీళ్ళల్లకు పోయిందని పిల్లలకు నేను దేన్ని చూపెట్టి చెప్పాలె? మ్యూజియమోళ్ళకు ఏం జవాబియ్యాలె?"

జగదీశ్ గది మూలలన్నీ, పెట్టెలన్నీ వెతికాడు. ఏడుపు ఒక్కటే తక్కువ. ఇద్దరూ వచ్చి అవ్వను అడిగారు. "ప్లేటు గిట్ల కనవడ్డదా అవ్వా?"

"ఏం ప్లేటు? నేను చూడలే" అంది అంతమ్మవ్వ.

ఆ మాట నోట్లోంచి ఎట్లా వచ్చిందో ఆమెకే తెలియదు. "రేపటి దాక దొరకకపోతే ట్రస్టోళ్ళకు నీ పేరే చెప్పాల్సి వస్తది. వాళ్ళు నిన్ను ఉంచరు" అని వనిత జగదీశ్‌తో అనడం విని కూడా నోరు తెరవలేదు. పాత బస్సు కిటికీ అద్దంలా ఆ నోరు ఒకసారి బిగుసుకుపోయాక మళ్ళీ తెరుచుకోలేదు.

ఇంటికి వచ్చాక శివయ్య తాత ముందు కూర్చొని అంతా చెప్పింది. తాత నిదానంగా విన్నాడు.

"మరి అడిగినప్పుడు చెప్పకపోయినవా?"

"నోరు రాలే."

"నీకు నోరు రాలేదా? ఇన్నేండ్ల సంసారంల గా భాగ్యం నాకొక్కనాడన్న దొరకకపాయె."

"పరాష్కాలు ఆపు. ఆ పోరని నౌకరీ పోతదయ్యా. పోయేది వాని నౌకరీ, తప్పు నాది. గుంతల ఉంటయో, కుక్కలెత్తుకపోయినయో."

"పొద్దుగాల్నే పోదాం. నేనొస్త."

"నువ్వేం జేస్తవ్ వచ్చి?"

"నీ మోకాళ్ళు గుంతల దిగితే మళ్ళ ఎక్కవు. దిగేటోడు ఒకడు గావాలె గద."

తెల్లవారి మొదటి ఆటోకు ఇద్దరూ హాలు చేరారు. తాత ధోవతి ఎగ్గట్టి గుంతలోకి దిగాడు. అవ్వ గట్టు మీద గోనెసంచి పరుచుకొని కూర్చుంది. తాత ఒక్కొక్క బొక్క తీసి పైకి ఇస్తాడు, అవ్వ చూసి పక్కన పడేస్తుంది.

"ఇదేనా?"

"పచ్చగున్నది చూడు. పసుపు వట్టింది. నాదే."

"ఇది?"

"నడుమ దెబ్బున్నది. నాదే."

"ఇది సన్నగున్నది."

"పక్కటెముక. నేనే కొట్టిన, ఇగో కత్తి పడ్డ జాగ. సక్కగ చూసియ్యవయ్యా."

దావత్ మొత్తం మళ్ళీ ఒకసారి ఆమె చేతుల మీదుగా వెళ్ళింది. ప్రతి ముక్క మీదా తన కత్తి దెబ్బే. పేరు రాసుకున్నట్టు, ఒక్కటి తప్పలేదు. వేరే రోజైతే గర్వపడేది. ఈ రోజు ఒక్కొక్క దెబ్బ చూస్తుంటే మనసు చివుక్కుమంటోంది. ఇంత పని చేసే చెయ్యి, నిన్న ఒక్క క్షణం ఆగి చూడలేదు.

తాత తడిసిన ప్లేట్ల అడుగునుంచి ఇంకొకటి తీసి ఇచ్చాడు. అవ్వ దాన్ని తిప్పింది. తెల్లగా ఉంది. పసుపు లేదు. ఈ కొసనుంచి ఆ కొస దాకా నున్నగా, ఎక్కడా కత్తి పడలేదు.

"ఇది నాది కాదు" అంది. కొంగుకు తుడిచింది. "ఇదేనయ్యా, ఇదే."

రెండోది గుంతలో లేదు. తాత అడుగు మట్టి కూడా తీశాడు. అప్పుడు అవ్వకు గోడ అవతల ఫామ్‌హౌసు వాచ్‌మన్ సాకే నల్లకుక్క కనిపించింది. గేటు దగ్గర పడుకొని ముందు కాళ్ళ నడుమ ఏదో పట్టుకొని కొరుకుతోంది. కొరికేటప్పుడు దాని మొహంలో సంతోషం లేదు. అవ్వ దగ్గరికి వెళ్ళబోతే గుర్రుమంది. తాత రాయి తీశాడు.

"రాయొద్దు, నోట్లె పట్టుకొని ఉరికితే ఏడ దొరుకుతది?" అని అవ్వ గబగబా, అంటే ఆమె మోకాళ్ళకు చేతనైనంత గబగబా, వంటగదిలోకి వెళ్ళింది. ఫ్రిజ్‌లో పాల ప్యాకెట్ల వెనకనుంచి డబ్బా తీసుకొచ్చింది. మూత తీయగానే తాత గుర్తుపట్టాడు.

"అంతమ్మా, అది నాకు పెట్టింది కాదా?"

"నీకే. ఇగ దానికి."

"నల్లి బొక్కనే? లావుగున్నదే!"

"కండ్లు మూసుకో" అంది అవ్వ, బొక్కను కుక్క ముందుకు విసిరింది.

కుక్క వాసన చూసింది. ఒక్క క్షణమే ఆలోచించింది. మూలుగ లేని బొక్కను రాత్రంతా నమిలి దానికీ విసుగొచ్చి ఉంటుంది. పాతది వదిలి కొత్తదాన్ని పట్టుకొని చెట్టు కిందికి పోయింది. అంతమ్మవ్వ పెళ్ళిచూపుల పరీక్షలో ఇంత తొందరగా నెగ్గినవాళ్ళు ఎవరూ లేరు.

పాతదాన్ని తాత తీసి ఇచ్చాడు. ఒక కొస బాగుంది. రెండో కొస పళ్ళ గాట్లు పడి, వేలి గోరంత మేర పోయింది.

వనిత వచ్చేసరికి అవ్వ వరండా మెట్టు మీద కూర్చొని ఉంది. పక్కన తాత, మోకాళ్ళ దాకా బురద. వ్యాను ఆపి జగదీశ్ కూడా దిగాడు. అవ్వ లేవబోయి, లేవలేక, కూర్చొనే కొంగు విప్పి రెండు బొక్కల్ని చూపించింది.

"పోరనిది తప్పు లేదు బిడ్డా. పారేసింది నేను. మా యాటవనుకున్న. నీకిచ్చిన మాట పోతదని ఎవ్వలకు చెప్పకుండ పారేసిన. నిన్న అడిగితే చూడలేదన్న. అది అబద్ధం. పారేసుడు తెలివిలేక జేసిన, అబద్ధం తెలివుండే ఆడిన. ఏమంటవో నన్నను."

వనిత మెట్టు మీద ఆమె పక్కనే కూర్చుంది. కొరికిన కొసను వేలితో తడిమింది.

"మ్యూజియమోళ్ళకు నేను చెప్పక తప్పదవ్వా. దాచను."

"చెప్పు. నా పేరు పెట్టి చెప్పు."

వనిత లోపలికి వెళ్ళి ఫోన్ చేసింది. అవతలి పెద్దాయన గొంతు వరండా దాకా వినిపించింది. మాటలు అర్థం కాలేదు గానీ కోపం బాగా అర్థమైంది. అవ్వ తల వంచుకొని, తనకు రావాల్సిన తిట్లు వనిత తింటుంటే వింటూ ఉంది. చివరికి ఆ గొంతు తగ్గింది. వనిత బయటికి వచ్చింది.

"అతికించొద్దన్నడు, రంగెయ్యొద్దన్నడు. కొరికింది కొరికినట్టే ఉంచి, ఏమయిందో కాగితం మీద రాసి పక్కన పెట్టమన్నడు. ఇంకోసారి అన్నం ప్లేట్ల బొక్కలు పెడితే తనే వచ్చి తీసుకపోతనన్నడు."

"ఇంకోసారి పెడితే నన్నే పంపెయ్యుండ్రి మేడం" అన్నాడు జగదీశ్. అని, అవ్వ వైపు తిరిగి, "చెంపలేసుకో అవ్వా, నా నౌకరీ తిన్నంత పని జేసినవ్" అన్నాడు. అవ్వ నిజంగానే చెంపలేసుకోబోతే చెయ్యి పట్టుకొని ఆపాడు. ఆ మధ్యాహ్నం వాడి కంచంలో అన్నం మీద నెయ్యి కాస్త ఎక్కువే పడింది.

బొక్కల్ని వేలాడదీస్తుంటే అవ్వ అక్కడే స్టూలు వేయించుకొని కూర్చుంది. ఆ హాలు లోపల ఆమె కూర్చోవడం అదే మొదటిసారి. రెండు సన్న దారాలతో, వెన్నుపూసల వరస కింద, దేనికీ తగలకుండా ఒంటరిగా వేలాడుతున్న ఆ రెండు ముక్కల్ని చూస్తే ఆమె శాసనం ఆమెనే వెక్కిరించినట్టుంది.

"పొత్తు లేకుండ ఎట్ల ఉన్నదే అది?"

"బొక్కతోని పొత్తు లేదు గాని కండతోని ఉన్నదవ్వా. కాన్పు తావు కండలు వీటినే పట్టుకొని ఉంటయి. కాళ్ళు పోయినయి గాని దీని పని పోలే."

అవ్వ తన మోకాలి మీద చెయ్యి పెట్టుకుంది. "నడవకున్నా పని జేస్తున్నదన్నట్టు" అంది మెల్లగా. తర్వాత గొంతు పెంచింది. "ఇంటున్నవా ముసలోడా? దావత్‌లు బంద్ జెయ్యమంటవ్ గద నన్ను, దీన్ని చూసి నేర్చుకో!"

"నేనెప్పుడన్ననే?" అన్నాడు తాత, చెప్పులు వెతుక్కుంటూ.

ప్రొద్దుటూరు పిల్లలు వచ్చారు. పుర్రె చూసి, పళ్ళు చూసి, రెక్కలోని వేళ్ళు చూసి తమ వేళ్ళు లెక్కపెట్టుకొని తోక దాకా పరిగెత్తారు. ఆ రెండు సన్న ముక్కల్ని ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదేమో గానీ, ఒక పిల్ల ఆగి, "మేడం, గిదెవరో కొరికిండ్రు!" అని అరిచింది. అంతే, పిల్లలంతా మళ్ళీ వెనక్కి వచ్చి అక్కడ మూగారు.

వనిత ఏమీ చెప్పకుండా అంతమ్మవ్వ వైపు చూసింది. అవ్వ గుమ్మంలో నిలబడి ఉంది. ఒక్క క్షణం చీపురు వెనక దాక్కోవాలనిపించింది. కానీ ముందుకే వచ్చింది.

"నల్లకుక్క కొరికింది. దానికి దొరికేటట్టు పారేసింది నేను" అంది. పిల్లలు నవ్వారు. "నవ్వుండ్రి గాని చూడుండ్రి. ఇది దాని ఎనక కాళ్ళ తావు. ఎన్నటి కాలంల్నో నేల మీద ఉరికిందట ఇది. కాళ్ళు ఇడిసిపెట్టి నీళ్ళల్లకు పోయింది గాని ఇంత నిశానీ దాచుకున్నది. మీరు పక్కన బొక్క లేదని పారేయకుండ్రి. నా లెక్క చెయ్యకుండ్రి."

ఒక పిల్లగాడు తన తుంటి తడుముకున్నాడు. వాణ్ణి చూసి ఇంకొకడు. కాసేపట్లో గదిలో అందరి చేతులూ నడుముల మీదే ఉన్నాయి.

ఈ కథ అవ్వ కంటే ముందే షేర్ ఆటోల్లో చేవెళ్ళ దాకా వెళ్ళిపోయింది. అవ్వ దావత్‌లు మళ్ళీ మొదలుపెట్టింది, చిన్నవే. ఇప్పుడు గంజులు ఎత్తేది మిగతావాళ్ళు, గంటె పట్టుకొని స్టూలు మీద కూర్చునేది ఆమె. బంతిలో ఎవడో ఒకడు ఇస్తారిలోంచి బొక్క పైకెత్తి చూపించకుండా ఉండడు.

"అంతమ్మా, ఇది యాటదా, డాల్ఫిన్‌దా?"

"తిప్పి చూడు బిడ్డా" అంటుంది అవ్వ. "నా కత్తి దెబ్బున్నదా? ఉంటే నాది, మూసుకొని తిను. లేకుంటే కిందేసేవు, భద్రంగ తెచ్చి నా చేతికియ్యి."

అంటూనే ఆమె చేతిలోని గంటె వెనక భాగం ఒక నల్లి బొక్క మీద టక్కున పడుతుంది. మూలుగ జారి శివయ్య తాత అన్నం మీద పడుతుంది. పలిగిందో లేదో చూసింది, అంతే.